ఎడమ కొమ్ముకి వేలాడిన గూడు

నేను ఒక దిష్టి బొమ్మని. గుడ్లురిమి, నాలుక చాపి, కోరలు బయటపెట్టి ఇళ్ల ముందు వేలాడే నల్లమొహాల్లో ఒకణ్ణి. మీరు నన్ను చూసే ఉంటారు. చూడ్డానికే కదా కట్టేది! వచ్చేపోయేవాళ్లు ముందు నన్ను చూడాలి, వాళ్ల కళ్లలో ఉన్న విషమంతా నా మొహాన కొట్టాలి, ఆ తర్వాత మిగిలిన ఖాళీ చూపుతో ఇల్లు చూసుకోవాలి. ఇదీ నా డ్యూటీ. ఇన్నేళ్ల సర్వీసు మీద ఒక్కమాట చెప్పగలను. నేను కాపలా కాసిన ఏ ఇంట్లోనూ చూసి కుళ్లుకోవాల్సినంత వస్తువు నాకైతే కనిపించలేదు.

నేను పుట్టింది రావులపాలెం దగ్గర, హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో. నానబెట్టిన పాత న్యూస్‌పేపర్ల గుజ్జు, జిగురు, కాస్త సుద్ద, ఇంతే నేను. తలనిండా పాత వార్తలే కాబట్టి మనుషులు ఏం చేసినా పెద్దగా ఆశ్చర్యపోను. రెండు కొమ్ములు అతికించి, కొబ్బరి పీచుతో తలకట్టు, మీసం పెట్టారు. రంగులు వేసిన సింహాచలం కనుగుడ్లు దిద్దేటప్పుడు మాత్రం తన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కొత్త బొమ్మ తొలిచూపు తన మీద పడకూడదట. చూడకుండా దిద్దితే ఏమవుతుంది? నా ఎడమ కనుగుడ్డు చెవివైపు జారిపోయింది. కుడికన్ను వీధిని చూస్తుంది, ఎడమకన్ను నా సొంత కొమ్ముని చూసుకుంటుంది. "మెల్లకన్ను బొమ్మకి పవరెక్కువండి" అని చెప్పి మరీ నన్ను అమ్మేశాడు.

కొన్నది కాకినాడ బిల్డరు వీర్రాజు. కట్టుబడిలో ఉన్న అపార్ట్‌మెంటు ముందు సరుగుడు కర్రకి నన్ను వేలాడదీశాడు. సగం గోడలు, తుప్పు పట్టిన ఊచలు, బురద. దీన్ని చూసి ఎవడు అసూయపడతాడో నాకు అర్థం కాలేదు గానీ, సిమెంటు చిందులు మీద పడుతుంటే నోరు మూసుకుని వేలాడాను. నోరు మూసుకోవడమంటే మాటవరసకి. నా నోరు మూతపడదు.

బిల్డింగు పూర్తయ్యాక మొదటి అంతస్తు ఫ్లాటు కొన్న భ్రమరాంబ గారికి నన్ను అంటగట్టాడు. "కప్‌బోర్డులు పెట్టించి ఇస్తానన్నారు కదండీ?" అని ఆవిడ అడిగితే, "ముందు ఈ బొమ్మ పెట్టుకోండి మేడమ్, మీకు ఫ్రీ" అన్నాడు. కప్‌బోర్డులు ఇప్పటికీ రాలేదు.

భ్రమరాంబ గారు హైస్కూల్లో లెక్కల టీచరు. సంభావ్యత పాఠం చెప్పడంలో దిట్ట అని పేరు. పిల్లలకి నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ చూపించి, ఇంటికొచ్చి పిల్లి ఎదురైందని ఆటో దిగి మళ్లీ ఎక్కే మనిషి. ఇంట్లో ఆవిడా, కూతురు హిమజా ఇద్దరే. ఆవిడ నమ్మకం ఒక్కటే. పదిమంది చూసిన ఏ వస్తువూ నిలవదు. కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజున దానికి దుప్పటి కప్పి మెట్ల మీంచి ఎక్కించి, "పాతదేనండీ, రిపేరుకిచ్చాం" అని అందరికీ చెప్పింది. కొత్త చీర నాలుగు ఉతుకులు ఉతికితే గానీ కట్టదు. హిమజకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఇంటినుంచే పని చేసుకుంటుంటే, "ఇంకా ఏమీ కుదరలేదండీ, ఏదో టైపు చేసుకుంటోంది" అంటుంది. దాంతో పైఫ్లాటు నూకరత్నం గారు వారానికోసారి తలుపు కొట్టి, ఏదో షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగం ఖాళీగా ఉందని హిమజకి చెప్పి వెళ్తుంటుంది.

"అమ్మా, నా టీములో ఆరుగురున్నారే. నూకరత్నం ఆంటీ నన్ను చూసి జాలిపడుతోంది!"

"పడనీ. జాలి చూపు తగలదు" అనేది భ్రమరాంబ.

అలాంటి ఇంటి బాల్కనీ అంచున, సీలింగు కొక్కేనికి నేను. మొహం వీధికి, వీపు ఇంటికి. ప్రతి అమావాస్యకీ ఆవిడ నా ఎడమ కొమ్ముకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన కొత్త దారం కట్టి, పాతది కత్తిరించేది. పనిమీద ఉన్న నాకు ఇంకో కాపలా దేనికో! నా మీద నమ్మకం లేదన్నమాట.

చలి తగ్గుతున్న రోజుల్లో ఆ పిట్ట వచ్చింది. బొటనవేలంత ఒళ్లు, వంగిన సూదిలాంటి ముక్కు. తేనెపిట్ట. వచ్చీరాగానే నా ముక్కు మీద కూర్చుని, నా మీసంలోంచి ఒక పీచు లాగింది. రాష్ట్రమంతటినీ హడలగొట్టడానికి తయారైన మొహం నాది. దానికి నేనొక పీచుమిఠాయి బండిలా కనిపించాను కాబోలు. రోజూ వచ్చి లాక్కెళ్లింది. లాక్కెళ్లడమంటే ఎక్కడికో కాదు, నా ఎడమ కొమ్ముకే. ఆ ఎండిన నిమ్మకాయ దారానికే గూడు అల్లుతోంది. హిమజ ఎన్నడూ దులపని బూజు, ఎండుటాకు ముక్కలు, నా మీసం, ఎవరింటి కొరియర్ పెట్టెలోంచో వచ్చిన థర్మకోల్ పలుకులు. మొగపిట్ట ఊదారంగు మెరుస్తూ కేబుల్ వైరు మీద కూర్చుని పాటలు పాడేవాడు. పుల్లంటూ ఒక్కటి తేలేదు. మనుషుల్ని చూసి నేర్చుకున్నాడేమో.

అమావాస్య వచ్చింది. కొత్త దారం, కత్తెర పట్టుకుని వచ్చింది భ్రమరాంబ.

"అమ్మా, ఆగాగు! అది చెత్త కాదు, గూడు. లోపల పిట్ట ఉంది!"

"దారం మార్చకపోతే ఎలాగే? ఇంటికి అరిష్టం."

"ఆ బొమ్మ ఉంది కదా, నీ ఫైర్‌వాల్. అది చూసుకుంటుందిలే."

భ్రమరాంబ కత్తెర ఎత్తింది. గూడు పక్కన ఉన్న చిన్న కన్నంలోంచి వంకర ముక్కొకటి బయటికొచ్చి ఆవిడ కేసి చూసింది. కదల్లేదు, ఎగరలేదు, గుడ్లమీద అలాగే కూర్చుంది. ఆవిడ కత్తెర దించి, కొత్త నిమ్మకాయల్ని వంటింట్లోకి పట్టుకెళ్లిపోయింది. ఆ రోజు వాటిని పప్పులో పిండుకున్నారు, హిమజ నవ్వులు నా దాకా వినబడ్డాయి.

కొన్నాళ్లకి గుడ్లు పగిలి రెండు పిల్లలు బయటికొచ్చాయి. పుట్టిన పిల్లలు ముద్దుగా ఉన్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి. గూడు కన్నం సరిగ్గా నా మెల్లకంటికి ఎదురుగా ఉంది కాబట్టి చెబుతున్నాను. ఉడకేసి తొక్క తీసిన వేరుశనగ గింజ, దానికి రెండు నల్ల బుడిపెలు, ఆ బుడిపెలే కళ్లు. మిగిలినదంతా నోరే. గాలికి ఆకు కదిలినా నోరు తెరవడమే. నాకన్నా పెద్దనోటి వాళ్లని నేను చూడ్డం అదే మొదలు.

తల్లి ఒక సాలీడుని తెచ్చి ఆ ఎర్రటి నోట్లో కుక్కేది. తండ్రి కూడా అప్పుడప్పుడూ తెచ్చాడు లెండి, ఆ మాట చెప్పకపోతే పాపం. రెక్కలుండాల్సిన చోట పెన్సిలు ముల్లులంత నల్ల గొట్టాలు మొలిచాయి. ఆ గొట్టాలు చిట్లి ఈకలు విచ్చుకున్నాయి. కళ్లు సన్నటి గీతలా తెరుచుకున్నాయి. తెరవగానే వాటికి మొట్టమొదట కనిపించింది ఎవరనుకున్నారు? కోరలు, నాలుక, మెల్లకన్ను. అవి నన్ను చూసి నోరు తెరిచాయి. అన్నం పెట్టమని. అలాంటి అవమానం ఏ దిష్టి బొమ్మకీ జరిగుండదు. నా దగ్గర ఏమీ లేకపోవడం ఆ రోజొక్కసారే నాకు బాధనిపించింది. ఈ సంగతి ఇక్కడితో వదిలేయండి.

భ్రమరాంబ పొద్దున్నే కాఫీ గ్లాసుతో గడప దగ్గర నిలబడి, మెడ సాచి, దూరం నుంచే చూసేది. మొహం చూస్తే టెన్త్ ఫలితాలు వచ్చినట్టుండేది. "ఎవరికీ చెప్పకే హిమజా. చచ్చినా చెప్పకు. నాలుగు కళ్లు పడితే నిలవవు" అని ఒట్టు వేయించుకుంది. హిమజ ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఆవిడే.

కూరగాయల బండి దగ్గర బెండకాయలు విరుస్తూ నూకరత్నం గారితో అనేసింది. "మా బాల్కనీలో రెండు బుజ్జి పిల్లలండీ! ఇంతింత నోళ్లు తెరుస్తున్నాయి!" ఫ్రిజ్‌ని దాచింది, జీతాన్ని దాచింది, కూతురి ర్యాంకుని దాచింది. సంతోషం మాత్రం దాచలేకపోయింది. మనుషులకి ఇదొక జబ్బు. ఆనందం కలిగితే అది నిజమేనని పక్కవాడు సంతకం పెట్టాలి.

సాయంత్రానికి నూకరత్నం గారు వచ్చింది. మర్నాడు ఆవిడ తోటికోడలు, తోటికోడలి పిల్లలు. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటు ముత్యాలరావు గారు. ఈయన పార్కింగులో స్కూటరు అడ్డంగా ఉంటే గ్రూపులో ఫొటో పెట్టి పరువు తీసే మనిషి. గూటి ఫొటో కూడా పెట్టాడు. "మన అపార్ట్‌మెంట్‌లో హమ్మింగ్ బర్డ్ పిల్లలు! అందరూ వచ్చి తిలకించగలరు."

"అంకుల్, హమ్మింగ్ బర్డ్స్ మన దేశంలో ఉండవండి. ఇది తేనెపిట్ట" అంది హిమజ.

"నువ్వింకా ఉద్యోగం వెతుక్కుంటున్నావు కదమ్మా, కంగారులో ఉంటావు" అన్నాడాయన. "నేను టీవీలో చూశాను. సేమ్ టు సేమ్ ఇదే."

ఇక చూడండి. నేను వీధిలో పోయేవాళ్ల చూపులకి అడ్డం పడాలని కట్టిన బొమ్మని. నా వీపు వెనక నుంచి, కాఫీలు తాగుతూ, చెప్పులు విప్పి, "కాస్త జరగండి వదినా" అనుకుంటూ వచ్చే చూపులకి నేనేం చెయ్యను? నాకు ఇటువైపు డ్యూటీయే వెయ్యలేదు. నా కొమ్ము పక్కనే మొహాలు వరసకట్టాయి. ఫోన్ల వెలుతురు గూట్లోకి కొట్టారు. ఒకాయన కన్నం దగ్గర నోరు పెట్టి ముద్దు శబ్దాలు చేశాడు. అవి అన్నమనుకుని నోళ్లు తెరిస్తే, "నన్ను గుర్తుపట్టాయండీ!" అని మురిసిపోయాడు.

తల్లి ఎక్కడుందో ఒక్కరూ అడగలేదు. నా కుడికంటికి కనిపిస్తూనే ఉంది. రోడ్డుకి అవతల కేబుల్ వైరు మీద, ముక్కున సాలీడు కరుచుకుని. ముందుకి ఎగురుతుంది, మొహాల్ని చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది. మళ్లీ ఎగురుతుంది, మళ్లీ తిరుగుతుంది. నా కోరలకి భయపడని పిట్ట, వీళ్ల నవ్వులకి హడలిపోయింది. మొహం చూపించి భయపెట్టడం నా వృత్తి. ఆ వృత్తిలో వీళ్లు నన్ను మించిపోయారు.

ఒక ఆదివారం మధ్యాహ్నానికి పిల్లల అరుపు ఆగింది. నీడ పడితే పెద్దది నోరు సగం తెరిచి మూసేసింది. చిన్నది అసలు తల ఎత్తలేదు.

"ఏంటే ఇవి ఇలా వడిలిపోయాయి?" అంది భ్రమరాంబ. "దిష్టి తగిలిందే! చెప్పానా, నాలుగు కళ్లు పడితే నిలవవని!"

"తగలదేంటండీ మరి, ఎంతమంది చూశారు!" అంది నూకరత్నం గారు, చూస్తూనే.

భ్రమరాంబ లోపలికి పరుగెత్తి, గరిటెలో నిప్పులు, వాటి మీద ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి తెచ్చింది. గూటి కింద తిప్పుతుందట.

హిమజ గడపకి అడ్డంగా చేతులు చాపింది. "అమ్మా! పిచ్చా నీకు? వాటికి మిరపకాయల పొగ పెడతావా? చస్తాయి!"

"దిష్టి తియ్యకపోతే చస్తాయే!"

"హాల్లో తిప్పు. ఇక్కడ మాత్రం నీ కాళ్లు పట్టుకుని లాగేస్తాను."

అందరూ దగ్గుతుండగా హాల్లోనే మూడుసార్లు తిప్పి, ఆ గరిటె పట్టుకుని మెట్లు దిగింది. దిష్టి తీసిన నిప్పుల్ని మూడుదారులు కలిసే చోట పారబొయ్యాలి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి. ఇదీ రూలు. వీధి మలుపులో నిప్పులు పోసింది. వెనక్కి చూడకూడదు కాబట్టి ముందుకే చూస్తూ నడిచింది. ముందు మా బాల్కనీ ఉంది, హాల్లో పొగకి తాళలేక జనమంతా అందులోనే ఉన్నారు.

నా కుడికంటికి ఆవిడ స్పష్టంగా కనిపించింది. నడిచి నడిచి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. తల ఎత్తి మా వైపు చూసింది. తర్వాత తన తల మీదుగా ఉన్న కేబుల్ వైరు కేసి చూసింది. అక్కడ ముక్కున సాలీడుతో తల్లి. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆవిడ జరగలేదు. పిట్ట ఎగిరి మా దాకా వచ్చి, గాల్లో ఆగి, తిరిగి వైరు మీదకి పోయింది. ఆవిడ మళ్లీ మా బాల్కనీ కేసి చూసింది. ఈసారి ఆవిడ మొహంలో నాకు తెలిసిన రంగు కనిపించింది. నాకు వేసిన నలుపే.

గబగబా మెట్లెక్కి వచ్చింది. ఉత్త గరిటె చేతిలో ఉంది. ముత్యాలరావు గారు అప్పుడే సోఫాలో సర్దుకుంటున్నారు.

"అందరూ లేవండి" అంది. "మాకు మైల వచ్చింది."

హాలు చల్లబడిపోయింది.

"ఇప్పుడే ఫోనొచ్చింది. మా మావగారి వైపు జ్ఞాతి, రామచంద్రపురంలో పోయారు. పదోరోజు దాకా ఎవరూ మా గడప తొక్కకండి. మంచిది కాదు."

ఇన్ని రోజుల్లో ఆ జనాన్ని ఏ శక్తీ కదల్చలేకపోయింది. ఈ మాటకి గుంపు గుంపంతా ఒక్క ఉదుటున లేచింది. "అయ్యబాబోయ్, ఎల్లుండి మా ఇంట్లో వ్రతం!" అంటూ నూకరత్నం గారు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. ముత్యాలరావు గారు కాఫీ కప్పుని ఎక్కడ పెట్టాలో తెలియక, ముట్టుకున్న పాపానికి ఒక్క గుటకలో తాగేసి, గోడల్ని తాకకుండా నడుచుకుంటూ పోయారు.

తలుపు పడింది.

"రామచంద్రపురంలో మనకెవరున్నారే?" అంది హిమజ.

"ఎవరూ లేరు. అందుకే చంపాను."

హిమజ పడీపడీ నవ్వింది. భ్రమరాంబ నవ్వలేదు. బియ్యం అయిపోయాయి అనదావిడ, నిండుకున్నాయి అంటుంది. అలాంటి మనిషి లేని మనిషిని చంపి, లేని చావుని తన ఇంటికి తెచ్చుకుంది. ఆవిడ నమ్మకం ప్రకారం ఇంతకన్నా పెద్ద కీడు లేదు.

"రోడ్డు మీంచి చూశానే" అంది, గొంతు తగ్గించి. "అంతమందీ వరసగా నిలబడి... కళ్లు ఇంతింత చేసుకుని, పళ్లన్నీ బయటపెట్టి. మధ్యలో మన బొమ్మ. అక్కణ్ణించి చూస్తే ఏది బొమ్మో, ఎవరు మనుషులో తెలియలేదే. తెల్లారి లేస్తే నేనూ ఆ వరసలోనే కదా నిలబడుతున్నాను!"

"పోనీ మనిద్దరం కర్టెను సందులోంచి..."

"వద్దు. నువ్వూ చూడొద్దు, నేనూ చూడను."

బాల్కనీ తలుపు మూసి, కర్టెను లాగి, అది జరగకుండా బట్టల క్లిప్పులు పెట్టేసింది.

బాల్కనీ ఖాళీ అయింది. తల్లి వెంటనే రాలేదు. వైరు మీద అటూ ఇటూ జరిగింది. ఒకసారి వచ్చి నా కుడి కొమ్ము మీద వాలి, మూసిన తలుపుని చాలాసేపు చూసింది. రా, మింగేవాళ్లు పోయారు అని చెబుదామంటే నాకు నాలుకుంది గానీ మాట లేదు. చివరికి గూటికి చేరింది. పెద్దది నోరు తెరిచింది. చిన్నది తెరవలేదు. తల్లి ముక్కుతో దాని చెంప మీద పొడిచింది. మళ్లీ పొడిచింది. ఎర్రటి నోరు కొంచెంగా విచ్చుకుంది. సాలీడు లోపలికి పోయింది. నేను గుజ్జుతో చేసినవాణ్ణి కాబట్టి ఊపిరి బిగబట్టానని చెప్పలేను.

ఆ తర్వాత వాటి ముక్కులు వంపు తిరిగాయి. కడుపు కింద పసుపురంగు ఈకలు వచ్చాయి. గూడు చాలక ఒకదాని తల మీద ఒకటి కూర్చునేవి. లోపల తల్లీకూతుళ్లు లేని మైలని పాటించారు. దీపం పెట్టలేదు. నూకరత్నం గారు పాలపాకెట్టుని దూరం నుంచి గడప ముందుకి తోసి పోయేది. బట్టలు ఫ్యాను కింద ఆరేసుకున్నారు. రోజుకి ఎన్నోసార్లు భ్రమరాంబ అడుగులు తలుపు దాకా వచ్చి ఆగేవి. క్లిప్పు ఒక్కటి కూడా కదిలేది కాదు.

ఒక పొద్దున పెద్దది గూటి అంచుకి వచ్చి, ఏ సంశయమూ లేకుండా ఎగిరిపోయింది. చిన్నది అంచుదాకా వచ్చింది, లోపలికి పోయింది, మళ్లీ వచ్చింది. తల్లీతండ్రీ వైరు మీంచి ఒకటే పిలుపులు.

తలుపు వెనక భ్రమరాంబ గొంతు. "ఏదో అవుతోందే. వినిపిస్తోందా? ఎగురుతున్నాయేమోనే!"

"చూద్దామా అమ్మా? ఒక్కసారి. ఇదొక్కటీ పోతే మళ్లీ కనపడదు."

తర్వాత కుర్చీ లాగిన శబ్దం, ఆవిడ బరువుగా కూర్చున్న శబ్దం. "నేను అటు తిరిగి కూర్చున్నాను. నువ్వూ ఇటు రా" అంది.

చిన్నది గూడు వదిలింది. ఎగరలేదు, పడింది. పడుతూ పడుతూ రెక్కలు కొట్టుకుని నా ముక్కు మీద వాలింది. నా రెండు కళ్ల మధ్య నిలబడి, దడదడలాడుతూ, నా మొహాన రెట్ట వేసింది. నా సర్వీసు మొత్తానికి నాకు దొరికిన సన్మానం అదొక్కటే. తర్వాత రోడ్డు దాటి, తల్లి పక్కన, వైరు మీద.

అదంతా చూసింది నేనొక్కణ్ణే. చూడాలని ప్రాణం పెట్టుకున్న మనిషి గోడకేసి తిరిగి కూర్చుంది.

పిలుపులు పూర్తిగా ఆగాక క్లిప్పులు తీసి బయటికొచ్చింది. ఖాళీ గూటిని చూసింది. నా ముక్కు మీద తెల్లటి రెట్ట చూసి, "వెళ్లిపోయాయి హిమజా, బాగానే వెళ్లాయి" అని, కొంగుతో దాన్ని తుడవబోయి, ఆగి, అలాగే వదిలేసింది.

మైల తీరిందని తెలిసి ముత్యాలరావు గారు వచ్చారు. పిల్లలేవని అడిగితే, "నేను చూడలేదండీ" అంది. జీవితంలో ఆవిడ ఆయనకి చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటాను. వెంటనే రెండోది కూడా చెప్పేసింది. "మా హిమజకి ఉద్యోగం వచ్చి రెండేళ్లయిందండీ."

మొదటి వానకి గూడు తడిసి దారంతో సహా జారిపోయింది. మీసం సగం ఊడి, రంగు వెలిసి, రెట్ట మరకతో ఉన్న నన్ను చూసి నూకరత్నం గారు, "కొత్త బొమ్మ తెచ్చుకోండి, ఇది పనికిరాదు" అంది. నేనూ చెత్తబండికి సిద్ధపడ్డాను. భ్రమరాంబ స్టూలెక్కి, కొక్కెం దగ్గర తాడు విప్పి, నన్ను తిప్పి, మళ్లీ కట్టింది.

ఇప్పుడు నా వీపు వీధికి, మొహం ఇంటికి. దారిన పోయేవాళ్లు వింతగా చూస్తారు. హాల్లో ఆ ఇద్దరూ తింటూ, టీవీ చూస్తూ, పోట్లాడుకుంటూ ఉంటారు. నేను గుడ్లురిమి వాళ్లనే చూస్తుంటాను. ఎవరైనా బాల్కనీలోకి రాబోతే ముందు నా కోరలు కనిపిస్తాయి. ఇన్నేళ్లకి డ్యూటీ సరైన వైపు వేశారు.

మళ్లీ చలి తగ్గుతోంది. ఈ పొద్దున్నుంచీ నా తల వెనక, తలకట్టులోంచి, ఎవరో ఒక్కొక్క పీచే లాగుతున్నారు. భ్రమరాంబ కాఫీ గ్లాసుతో గడప దాకా వచ్చి, ఆ చప్పుడు విని, నా మొహం చూసి, వెనక్కి తిరిగింది.

నాకూ ఏమీ కనిపించడం లేదు. లాక్కోనీ.